పోటు గీతలు

మున్సిపల్ కౌన్సిల్ మినిట్స్ రాసేది నేనే.
ఇరవై రెండేళ్లుగా ఒకటే చివరి వాక్యం:
చర్చించి ఏకగ్రీవంగా ఆమోదించడమైనది.
చర్చ ఎంతసేపో రాసే గడి
ఆ పుస్తకంలో లేదు.

ఆవేళ పద్నాలుగో అంశం వాతావరణం.
పదమూడోది చేపల మార్కెట్టు వెనక పందుల బెడద,
పదిహేనోది టౌన్‌హాలు ఫ్యాన్లకు కొత్త రెక్కలు.
మధ్యలో ఇరుక్కుని ఒక మాట:
రెండువేల నలభై ఏడు నాటికి
ఈ ఊరు వదిలే కర్బనం నికరంగా సున్నా.

పందుల మీద గంటన్నర నడిచింది.
సున్నా దగ్గరికి వచ్చేసరికి టీలొచ్చాయి.
సున్నాని ఎవరు కాదంటారు,
దానికింకా కాంట్రాక్టరు లేడు కదా.
ఎత్తిన చేతుల్లో నాలుగింటికి
మడచెట్లు కొట్టేసిన చోట రొయ్యల చెరువులున్నాయి.
చేతులు మాత్రం చక్కగా, నిటారుగా ఎత్తారు.

తొమ్మిదో వార్డు దిడ్ల సువార్తమ్మ గారొక్కరే అడిగారు:
"నికరం అంటే ఏంటండీ?"
"కూడికలూ తీసివేతలూ పోగా మిగిలేదండి" అన్నారు కమిషనరు గారు.
"మా పేటలో అమావాస్య అమావాస్యకీ
మోకాలి లోతు నీళ్లు మిగులుతున్నాయండి.
వాటిని ఎందులోంచి తీసేస్తారు?"
గ్లాసులు ఎత్తుతున్న చప్పుడు.
ఆ చప్పుడు నేను రాయలేదు.
ఆ ప్రశ్న కూడా.

వశిష్ఠ గట్టు కింద పంపుహౌసుంది.
మోటారు వేసేది కొల్లాటి నాగూరు.
పోటెక్కితే స్లూయిజు తలుపు దించాలి,
పాటు తీస్తే ఎత్తాలి.
ఈలోగా ఊరి మురుగంతా వచ్చి
అతని మొహంలోకి చూస్తూ నిలబడుతుంది.

పెద్ద పోటు వచ్చినప్పుడల్లా
మెట్ల పక్క గోడ మీద మేకుతో ఓ గీత గీసేవాడు.
పక్కన తేదీ ఉండదు. తనకి గుర్తున్న సంగతి ఉంటుంది:
చిన్నదాని అన్నప్రాసన.
మోటారు కాలిన రాత్రి.
బావ వల పోయింది.
అడుగు గీతలు అతని మోకాలి దగ్గర.
మొన్నటివి మొలతాడు దాటాయి.
మా ఆఫీసులో వరదల ఫైలుంది.
చెదలు తినగా మిగిలిన అట్ట అది.

తీర్మానం అమలులో మొదటి బిల్లు గోడరాతలది.
పంపుహౌసుకి రెండు కోట్లు తెల్ల రంగు,
దాని మీద ఆకులు, ఆకుల మధ్య
బుగ్గలేసుకుని నవ్వే భూగోళం,
కింద మా ఊరి ముద్ర.
బిల్లులో ఇలా ఉంది:
గోడపై పిచ్చిగీతలు తొలగించి, చదును చేసి...
కొలతలు సరిచూసి సంతకానికి పెట్టింది
నేనే.

నాగూరు చాలాసేపు చూశాడు.
"బొమ్మ బాగుందండి. ఆకులు బాగా దింపారు.
మరిక నీళ్లెందాకా వచ్చేవో నన్నడగాలండి.
నాకేమో మతిమరుపు."

ఆదివారం అతని ఎదురుగా మెట్టు మీద కూర్చున్నాను.
అతను తన కాలి మీదే చూపిస్తూ పోయాడు,
ఇక్కడికి వల పోయిన ఏడు,
దీనికి జానెడు పైన చిన్నది,
కాదు కాదు, చిన్నది కింద, మోటారు పైన.
రాశాను, కొట్టేశాను, మళ్లీ రాశాను,
మినిట్స్ పుస్తకం వెనక అట్ట లోపలి వైపు.
దానికి ఎవరి ఆమోదమూ అడగలేదు.

నిన్న అమావాస్య.
అంతర్వేది వైపు నించి పోటు
చప్పుడు లేకుండా ఎక్కింది.
తెల్లారి వెళ్లేసరికి నీళ్లు తీశాయి.
భూగోళానికి గడ్డం దాకా బురద,
ఇంకా నవ్వుతూనే ఉంది.
నాగూరు జేబులన్నీ తడుముకుంటున్నాడు,
మేకు కోసం.