ఏడో నంబరు, సైడ్ బి

ఉదయిని ల్యాప్‌టాప్ మీద మా పదకొండేళ్లు
పచ్చగీతలై పాకుతున్నాయి.
సైనిక్‌పురిలో కారు షెడ్డును స్టూడియో చేసుకుంది.
గోడలకు కోడిగుడ్ల అట్టలు.
మా రోజుల్లోనూ అవే అట్టలు,
అందులోని గుడ్లన్నీ డెస్మండ్ ఒక్కడే తిన్నాడు.

"మొత్తం డెబ్బై నిమిషాలే అంకుల్.
ఏవి ఉంచుదాం, ఏవి తీసేద్దాం?"
పెళ్లి బంతిలో
ఎవర్ని లేపి ఎవర్ని కూచోబెట్టాలో అడిగినట్టు.

బ్యాండు పేరు ఏడో నంబరు.
పేరు బస్సుది, తాళమూ ఏడే.
తకిట తకధిమి మీద రాక్ గిటార్‌ని ఎక్కించి
ఫుట్‌బోర్డు మీద వేలాడదీశాం.

ఇల్యాస్ సాక్సోఫోన్
సాయంత్రం అఫ్జల్‌గంజ్ బరాత్‌లది,
పదింటి తర్వాత మాది.
దాని మెడకో సొట్ట, పెళ్లిగుర్రం తన్నింది.
అక్కడికి రాగానే ఒక్క స్వరం
గొంతు పట్టినట్టు జారేది.
ఆ జారుడికి ఇప్పుడు కవర్ మీద
పెద్ద పేరేదో రాశారు.
గుర్రం పేరు రాయలేదు.

పాండురంగానికి తీగ తెగితే
స్కూటర్ క్లచ్ వైర్లోంచి ఓ పోగు లాగి కట్టేవాడు.
ఆ స్కూటర్ నాది.

ఏడో ట్రాక్ దగ్గర ఉదయిని ఆగింది.
"మూడు నిమిషాల నలభైకి ఏదో తెగింది.
ఇక్కడే మెల్లగా దించేస్తా."

తెగలేదమ్మా. కరెంటు పోయింది.
మెట్టుగూడలో రైల్వే వాళ్ల హాలు, మే నెల.
ఏ సంవత్సరమో అడక్కు,
కరెంటు పోని సంవత్సరం ఏదని చెప్పను?
గిటార్ చచ్చింది. నా బేస్ చచ్చింది. ఫ్యాన్లు చచ్చాయి.
నాలుగు సెల్లుల టేప్‌రికార్డరు
కుర్చీ కింద తన పాటికి తాను తిరుగుతోంది.

డెస్మండ్ ఆగలేదు.
డప్పుకు కరెంటెందుకు?
ఇల్యాస్‌కి ఊపిరుంది కదా.
చీకట్లో ఆ ఇద్దరూ
ఒకడు ఇల్లు కడుతుంటే ఒకడు కిటికీలు తీస్తున్నట్టు
నాలుగు నిమిషాలు.
మధ్యలో లాలాగూడ వైపు గూడ్సు బండి,
అదీ ఏడులోనే పోయింది, ఒట్టు.

"మరి మీరెక్కడున్నారు అంకుల్?"
ఉదయిని హెడ్‌ఫోన్స్ నా చెవులకు తగిలించి
వాల్యూమ్ పెంచింది.
చీకట్లో ఎవడో కుర్రాడు
"అరె, మార్ డాలా రే డెస్సీ!" అని
నవ్వలేక, ఏడవలేక అరిచాడు.

"ఎవరిది ఆ గొంతు?"
జనంలో ఎవడోలే, అన్నాను.
ఆమె రాసుకుంది.

డెస్మండ్ రెండో కరోనాలో పోయాడు.
ఆసుపత్రి గేటు దగ్గర్నుంచే వెనక్కి పంపారు మమ్మల్ని.

ఎనిమిది నిమిషాలూ ఉంచాలంటే
ఇంకోటి తీసేయాలంది.
నేను కట్టిన ఒకే ఒక్క పాట చూపించాను.

చివర్లో లైట్లొస్తాయి. హాలంతా ఓ... అంటుంది.
నా ఆంప్లిఫయర్ గుర్రుమని లేస్తుంది,
నేను ఒక దెబ్బ ఆలస్యంగా కలుస్తాను.

"సరిచేయనా?"

వద్దమ్మా,
అలాగే ఉండనీ.