జాఫర్ సాహెబ్ కాలవ నీళ్లు

పొగతోటలో, మెట్ల కింద మా ల్యాబు.
పామంజి పోలయ్య కాలిపుండు చీము
రాత్రంతా గాజుపళ్లెంలో పెరిగింది.
పన్నెండు మందుబిళ్లలు పేర్చాను;
ఒక్కదాని చుట్టూ ఖాళీ లేదు,
అంచుదాకా వచ్చి మీగడ కట్టింది.

మైపాడు దగ్గర రొయ్యలగుంటకి కాపలా ఆయన.
"మేతలో పసుప్పచ్చ పొడి కలిపేవాణ్ణమ్మా, దోసిళ్లతో.
ఏం పొడో ఎవురికి తెలుసు.
రొయ్య బతికితే చాలన్నారు."
ఆ నీళ్లలో చావనివి
చావకుండా ఉండడమెట్లాగో పక్కవాటికి చెప్పాయి,
పులుసు పెట్టడం గోడమీంచి చెప్పుకున్నట్టు.
తర్వాత ఆయన మడమ పగుల్లో కాపురం పెట్టాయి.

పన్నెండుసార్లు "లొంగదు" అని టైపు చేశాను.

షంషాద్ డాక్టరమ్మ సీసా ఇచ్చింది:
"జాఫర్ సాహెబ్ కాలవకి పో,
మురుగు కలిసేచోట ముంచు.
దీన్ని తినే వైరస్ ఉంటే అక్కడే ఉంటుంది."
ముక్కు మూసుకుని ముంచాను.
వడకట్టి, మీగడ మీద ఒక్క చుక్క.

తెల్లారి చూస్తే చిల్లు,
ఆవగింజంత.
దాంట్లోంచి, గాజు కింద, నా వేలు కనిపించింది.

అనుమతి కాయితాలు ఇంకా ఢిల్లీలోనే.
పోలయ్య మాత్రం అడిగాడు:
"కాలవ నీళ్లామ్మా?
మా గుంటలోవి పనికిరావా?"