మూడో ఏరేటరు

ఆకివీడు దాటాక, ఉప్పుటేరు పక్కన,
ఎవరో రాత్రంతా గుండిగలో ఎసరు మరిగిస్తున్న చప్పుడు.
రొయ్యల చెరువులో నాలుగు ఏరేటర్లు,
వాటి వెనక నాలుగు కొరూటీన్లు.
రాసింది నేనే.

ఒక్కోటీ తన పని కాస్త చేస్తుంది,
నా వంతయిందని పక్కకి తప్పుకుంటుంది,
మళ్ళీ పిలిస్తే
ఆగిన వాక్యం దగ్గరే లేస్తుంది,
లెక్క మర్చిపోకుండా.

మొన్న రాత్రి ఒంటిగంట దాటాక
మూడోదాని రెక్కకి తెగిన వల చుట్టుకుంది.
ఆపాలి. దేన్ని ఆపను?
పుట్టించిన రోజు పేరు పెట్టలేదు,
చేతిలో కొస లేదు.
కంగారులో ఇంకోదాన్ని పుట్టించాను, అదే రెక్క మీదకి.
ఒకటి ఆపుతోంది, ఒకటి తిప్పుతోంది.
మోటారుకి ఎక్కిళ్ళు.

కాపలా ఏసోబు, ఒకప్పుడు కాలవ లాకుల మీద కూలి,
టార్చి నా లాప్‌టాప్ మీదకి కొట్టాడు.
"అది మీ మాట వినుద్దాండీ?"

నడుస్తున్నంతసేపూ వినదు.
వంతు వదిలాకే చెవి తెరుస్తుంది.

"మరప్పుడే చెప్పాలి కదండీ.
తలుపుల మజ్జన పడవుండగా లాకు మూసేత్తే
విరిగేది పడవేనండి."
అని వెళ్ళి
మెయిను లాగేశాడు.

చెరువు అంత నిశ్శబ్దంగా ఉంటుందని
నాకు అప్పటిదాకా తెలీదు.
అడుగున లక్షల రొయ్యలు,
ఉన్న గాలే పంచుకుంటూ.
నా వేళ్ళకి చెమట.

పుట్టగానే ప్రతిదాని పేరూ పట్టీలో కట్టాను.
నలభై నిమిషాల నిద్రని
సెకను సెకను కునుకులుగా విరిచాను,
లేచిన ప్రతిసారీ మొదట అడుగుతుంది: ఆగమన్నారా?
అవునంటే, మోటారు ఆపి,
పట్టీలో తన పేరు తనే కొట్టేసుకుని పోతుంది.
పోయినదాన్ని మళ్ళీ లేపలేం.
కావాలంటే కొత్తది పుట్టించుకోవాలి, మొదటి వాక్యం నుంచీ.

పావుగంటకి మెయిను వేశాడు.
ఒకటి, నాలుగు తిరిగాయి. రెండోది ఉలకలేదు.
"ఇది పడుకుందా, పోయిందా అండీ?"
బయటికి రెండూ ఒకేలా ఉంటాయి, ఏసోబూ.
దాన్నే అడిగాను.
పడుకున్నానంది.

ఏసోబు చెక్‌ట్రే పైకి లాగాడు.
మూల ఒక రొయ్య కదలట్లేదు.
గోటితో తట్టాడు,
ఎగిరొచ్చి కీబోర్డు మీద పడింది.
ఏదో అక్షరం నొక్కింది కూడా.
అది చెరిపేలోగా
కత్తి పళ్ళ మధ్య పట్టుకుని
మొలలోతు నీళ్ళలో
మూడోదాని వైపు నడుస్తున్నాడు.

నేను పట్టీలో దాని పేరు లేదని
మూడుసార్లు చూసుకున్నాను.