కొక్కెం శీల

మా ఇల్లు రెండు చక్రాల మీద ఉంటది.
కనిగిరిలో జిలానీ రేకులు కోసి అతికిన డబ్బా.
ఒక మంచం, గ్యాసు బండ, సత్తు బిందె,
కిటికీ అనుకుంటే కిటికీ.
కోతమిషను లారీ ముందు పోతది, దాని వెనక మా బండి,
బండి వెనక నేను.

బండ్ల సంగతి మగాళ్లు ఇంజను మూత తీసి మాట్లాడతారు.
నేను బిందెను చూసి చెప్తా.

పాత ఫోర్ నాట్ సెవెన్ లాగినన్నాళ్లు
పామూరు దాటేలోపే సగం నీళ్లు మంచం కింద.
గేరు మార్చినప్పుడల్లా గోడనున్న గరిటెలు
ఒకదాన్నొకటి కొట్టుకునేవి.
దుత్తలూరు ఎత్తులో అది మూలగతంటే
నేను లోపల కాళ్లు తన్నిపెట్టి తోసేదాన్ని.
నవ్వబాకండి, నిజంగానే తోసేదాన్ని.
గొట్టం పగిలితే సైకిలు ట్యూబు ముక్క.
బెల్టు తెగితే నా చీర అంచు,
ఆ అంచుతోనే కోవూరు దాకా పోయినాం ఒకసారి.
మాల్యాద్రి దాన్ని తిట్టేవాడు,
అత్తగారింట్లో తిట్టినట్టు, పెదాల లోపలే.

కొత్తది తెల్లగా వచ్చింది,
నెలకు పంతొమ్మిది వేల కిస్తీ వెంటబెట్టుకుని.
అదే ఎత్తు. బిందె తొణకలా.
గరిటెలు ఊరికే వేలాడినాయి.
కళ్లు తెరిస్తే పెన్నా వంతెన.
పదకొండేళ్లలో దారిలో నిద్రపోయింది అదే మొదలు.

బుచ్చి దాటినాక పసుప్పచ్చ దీపం వెలిగి
నిలబడిపోయింది.
పొగ లేదు, వాసన లేదు, కారిందేం లేదు.
మాల్యాద్రి మూత తీసి, చూసి, మళ్లీ మూసినాడు
పరాయి ఇంట్లోకి తొంగిచూసినోడి మాదిరి.
నెల్లూరు నుంచి ఒక పిలగాడొచ్చి వైరు గుచ్చి
ఫోనులో చదువుకుని, "సెన్సారక్కా" అన్నాడు.
చెయ్యికి మసి కూడా అంటలా.
నాలుగువేల రెండొందలు.
ఆ పూట కోత వేరే మిషనుకి పోయింది.

"అదే పాతదయితే..." అని రాత్రి మొదలుపెట్టినాడు.
నేను నడుం చూపించినా.
ఆపినాడు.

పాతది ఒంగోలులో తుక్కు కింద తూకానికి పోయింది.
ఈ డబ్బాని దానికి కట్టిన కొక్కెం శీల మటుకు
నేను ఇవ్వలా.
కొత్తదానికి అది పట్టదు, లావు.
అల్లం, ఎండుమిరపకాయలు దాంతోనే దంచుతా.

ఎడగారు కోతలకి గట్టున ఆగినప్పుడు
నేను దంచతంటే డబ్బా మొత్తం అదురుద్ది,
గరిటెలు మోగుతాయి,
స్టీరింగు మీద కునుకేస్తున్న మాల్యాద్రి
ఉలిక్కిపడి లేచి
గేరు కోసం తడుముకుంటాడు.