రకం పేరు

ఫారంలో ఏడో గడి: రకం పేరు.
ఉద్యానశాఖ పిల్లగాడు పెన్ను మూత తీసి
తల వంచుకొని నిలబడ్డాడు.
మా పందిరి పొడుగోళ్లను ఒప్పుకోదు.

"నల్లద్రాక్ష అని రాస్కో" అన్నాను.
"నల్లవి పద్నాలుగు ఉండాయక్కా, ఏ నల్ల?"

మా జేజి ఓబుళమ్మ కత్తెర దించలేదు.
గుత్తి కింద అరచెయ్యి పట్టి
"నేరేడు తీగ" అంది.
ఆమె కాపురానికొచ్చిన నాడు
నార్పల మొత్తానికీ ద్రాక్ష అంటే
జ్వరమొచ్చినోళ్ల మంచం పక్కన పొట్లం.
తీగకు కాసింది నేరేడే అనుకుందంట.
అనుకున్న పేరు అట్లనే ముదిరిపోయింది.

అంటుకట్టే దస్తగిరి మామ నోట్లో అది కాలీ అంగూరు.
వాళ్ల తాత గుంతకల్లు రైలు బంగళాలో తోటమాలి.
దొర సెలవు మీద పోయిన ఎండాకాలం
ఆరు పుల్లలు కోసి, తడి తలగుడ్డలో చుట్టి
బొగ్గుబండి ఎక్కి తెచ్చినాడంట.
"గుడ్డ ఆరకుండా
తాగే నీళ్లన్నీ దానికే పోసినాడు" అంటాడు,
ఆ దాహం తనదే అయినట్టు గుటక వేసి.

"యాడి తలగుడ్డ!" అంటుంది జేజి.
"అవి నా కూలి పుల్లలు.
మిషనాస్పత్రి గోడకు పద్దెనిమిది దినాలు రాళ్లు మోసినా.
దుడ్లు ల్యాక పుల్లలిచ్చినారు.
పొయ్యిలోకి పనికొస్తాయని తెచ్చినా.
రొండు కాల్చినా కూడా."

బెంగళూరు లారీ నంజప్పకు దాని పేరు కలరు.
"కలరు ఎన్ని క్రేట్లమ్మా?"
తిననీకి కాదు, సీసాల్లోకి.
ఆ సీసా మీద ఏం పేరు రాస్తారో
మేమెవరమూ చూళ్లేదు.

పిల్లోళ్లకు జారుపండు:
నొక్కితే తొక్క వేళ్లలో, గుజ్జు గొంతులో.
మా నాయనకు మాత్రం బోరుపండు.
నాలుగో బోరులో నీళ్లు పడిన ఏడు తొలికాపు,
ఆరోది ఎండిన ఏడు సగం పందిరి.
ఆయన పోయినాక ఆ పేరు ఎవరూ పలకరు.

పిల్లగాడు ఫోనులో వెతికాడు.
సముద్రాల అవతల ఎవరో పెద్దింటామె
పెరట్లో కాసిందని ఆమె పేరే పెట్టినారంట.
ఆ తర్వాత దేశానికో పేరు, రేవుకో పేరు.
చదువుతానే ఉన్నాడు, చార్జింగు అయిపోయేదాకా.
"ఇదే అయ్యుండొచ్చు. కాకపోనూ వచ్చు.
ఆకు ల్యాబుకు పంపాల."

జేజికి అందులో ఒక్క ముక్కే పట్టింది.
"ఆడమనిషి పేరా?"
"అవునవ్వా."
"పెరటి పట్టా గూడా ఆమె పేరు మీదనేనా?"

వాడు నవ్వాడు. జేజి నవ్వలేదు.
మా పాసుపుస్తకంలో ఇంకా తాతే ఉన్నాడు,
చచ్చిపోయి ఇరవై రెండేళ్లు.
ఆధారులో ఆమె ఓబులమ్మ, రేషను కార్డులో ఓబమ్మ,
ఈ బండకూసాలన్నీ దగ్గరుండి పాతించినందుకు
ఊళ్లో కూసాలామె.
పుట్టింట్లో ఇంకేదో పిలిచేవాళ్లంట.
అడిగితే, "పిలిచేటోళ్లు పోయినారు, నీకెందుకు" అంటుంది.

ఆఖరికి వాడు గడిలో 'ఇతరములు' అని రాశాడు.
ఇంకు డబ్బా తెరిచేలోపే
ఆమె బొటనవేలు ఆనించేసింది.
కాగితం మీద ఊదా మరక,
ఒక్క గీతా కనపడని తడి.
"పాడైపాయనవ్వా! ఇంకో ఫారం కావాల."
ఇంకో ఫారం వాడి కాడ లేదు.
మళ్లీ వస్తానని బండి తిప్పుకున్నాడు.

జేజి వేలు నాకి, కొంగుకు తుడుచుకొని
కత్తెర పైకెత్తింది.
పొద్దుగూకేసరికి నంజప్ప వస్తాడు.
కలరు ఇంకా పన్నెండు క్రేట్లు తక్కువ.