ఒంటి తుమ్ము

మిర్చి యార్డు గేటు బయట
నా బండి వరస నూట ముప్పై ఏడు.
మాఘమాసం చలి.
టిక్కీల మీద పట్టా, పట్టా మీద నేను.
నా కింద ముప్పై ఐదు టిక్కీలు,
వాటి కింద బాడీ రేకు,
రేకు కింద గొలుసుకి వేలాడుతూ
స్టెప్నీ.

పోయినేడు ఏటుకూరు బైపాసు పక్కన
టీ తాగి వచ్చేలోపు పాతది విప్పుకుపోయాడెవడో.
నట్లు మాత్రం నేల మీద వరసగా పేర్చి పోయాడు,
మర్యాదస్తుడు.
ఓనరు మూడు నెలలు జీతంలో కోసుకున్నాడు.

అప్పట్నించీ అందరూ సలహాదార్లే.
నట్టు తల అరగదీసెయ్ అన్నాడు ఇన్నయ్య.
వెల్డింగు పెట్టి పారేద్దాం అన్నాడు బ్రహ్మం.
మరి పంచరైతే?
అప్పుడు కోద్దాంలే, దానిక్కూడా నేనే ఉన్నాగా.
స్టిక్కర్ల కుర్రాడు తెల్ల పెయింటుతో
టైరు మీద బండి నంబరు రాశాడు,
ఐదు అంకె తిరగబడింది.
సలోమి మాత్రం ఏమీ అనకుండా దొడ్లోకెళ్ళి
మా కర్రోడి గొలుసు తెచ్చి ఒళ్ళో పడేసింది.
కర్రోడు చచ్చిపోయి ఉగాదికి ఏడాది.
మెడ రాసుకున్న చోట
గొలుసు ఇంకా నున్నగా మెరుస్తోంది.
దాన్నే రిమ్ములోంచి రెండు చుట్లు తిప్పి
తాళం వేశాను.

రెండు దాటిందేమో.
కరకర, కరకర.
కలలో సలోమి కొరమేను పొలుసు గీకుతోంది.
గీకుతోంది, ఆగుతోంది, మళ్ళీ గీకుతోంది,
ఎంతకీ అవదేం ఈ చేప అనుకుంటున్నా.
అంతలో నా వీపు కింద నించి
తుమ్ము.
ఒక్కటే.
ఆపుకుని ఆపుకుని
ఇక ఆగలేక వచ్చిన తుమ్ము.

నిద్రలోనే నా నోరు,
చిన్నోడికి అన్నట్టే,
"నూరేళ్ళు" అంది.

ఆ తర్వాత కరకర లేదు.
పైన నేను ఊపిరి బిగబట్టాను.
కింద వాడూ బిగబట్టే ఉంటాడు.
మా ఇద్దరి మధ్యా పదహారు క్వింటాళ్ళ కారం.
పనికి దిగినప్పుడు ఒంటి తుమ్మొస్తే
కాసేపు కూచుని, మంచినీళ్ళు తాగి
మళ్ళీ మొదలెట్టాలి.
వాడికంత తీరికెక్కడిది?
చెప్పులు టపటపలాడాయి,
లారీల సందులోకి పోయి ఆగిపోయాయి.
"దొంగ" అని అరవాలని
నాకు గుర్తొచ్చేసరికి
గొంతులో ఆ నూరేళ్ళే అడ్డంగా ఉంది.

సెల్లు లైటు వేసుకుని కిందికి దూరాను.
నా టిక్కీల మీది పాత గోతాన్నే
పరుచుకున్నాడు, ఇంకా వెచ్చగా ఉంది.
దాని మీదే వెల్లకిలా పడుకుని చూశాను.
ఇంతసేపూ వాడు చూసిందే:
గ్రీజు, మట్టి, తిరగబడ్డ ఐదు,
అరిగి గుండయిపోయిన టైరు.
ఆటోనగర్లో నేను బేరమాడి కొన్నప్పుడు
ఇంత బోడిగా ఉందా ఇది?
నాకే సిగ్గేసింది.
గొలుసులో ఒక లింకు సగం తెగింది.
సగం విరిగిన రంపం బ్లేడు పక్కనే,
పట్టుకోడానికి దానికి చుట్టిన గుడ్డపేలిక
చెమటకి తడిసి ఉంది.

కళ్ళు మండి నాకూ తుమ్మొచ్చింది.
చుట్టూ చూశాను.
ఎవరూ ఏమీ అనలేదు.

ఆరింటికి గేటు తీశారు.
మంచినీళ్ళు తాగి, నిమిషం కూచుని,
సెల్ఫు కొట్టాను.
బండి కదిలితే
కింద గొలుసు గలగలమంది,
కొత్తవాళ్ళని చూసి కర్రోడు
పరిగెత్తబోయి ఆగినట్టు.
ఆ లింకుకి టాకా వెయ్యడానికి
నలభై అవుద్దన్నాడు బ్రహ్మం ఫోన్లో.
సరుకు దిగాక చూద్దాం అన్నా.
బ్లేడు డాష్‌బోర్డులో పెట్టాను,
పేలిక విప్పకుండానే.