పదిహేడు

ఉదయగిరి కొండ కింద రేకుల షెడ్డు.
కప్పు నడిమిన ఒక కెమెరా.
దానికి కనిపించేది గొర్రెపిల్లలు కాదు,
కదిలే మచ్చలు.
మచ్చకో రంగు గీత, గీతకో అంకె.

రాత్రి గీతల్ని పగలు చూడటం నా పని.

నీలం పలకని మూతితో నెడితే
కెమెరా చూసి, డబ్బాలోంచి గుప్పెడు మేత వదిలిస్తుంది.
ముప్పైలో ముందు నేర్చింది పదిహేడు.
ఒళ్లు గోక్కోబోయి పొరపాటున తగిలింది.
టక్కుమంది డబ్బా, ఉలవపొట్టు రాలింది.
బెదిరి వెనక్కి గెంతి, ఆగి, మళ్లీ వచ్చింది.
నాలుగో రోజుకి తెరమీద దాని గీత
నీళ్లకి పోయే కాలిబాటలా అరిగిపోయింది.

తుఫాను రాత్రి అన్నీ ఒక మూలకి ముడుచుకున్నాయి.
రేకుల మీద వాన.
కరెంటు రెండుసార్లు రెప్పలార్చి పోయింది.
ముప్పై గీతలూ
కుట్టుమిషను కింద చిక్కిన దారపు ఉండ.
తెల్లారి చిక్కు విడింది.
ఇరవై తొమ్మిది నడిచాయి.

"తొమ్మిది" అంది కంప్యూటరు.
తొమ్మిదనే రాసుకున్నాను.

మాలకొండయ్య గొంగడి పిండుకుంటా వచ్చి చూశాడు.
"ఇది గవ్వకంటిది గదమ్మా.
ఎడం కంటి కాటిక చెంపకి కారుండలా?
మీ పలక కాడ పొద్దస్తమానం పడుండేది ఇదే."

జోడిపి పిల్లలన్నిటికీ కళ్ల చుట్టూ నలుపే.
మాలకొండయ్య కళ్లద్దాలకి ఒక కాడ లేదు.
నమ్మలేదు. నమ్మకుండా ఉండనూ లేకపోయాను.

పలక తుడిచి, డబ్బా నింపి
స్టూలు మీద కూర్చున్నా.
పదిహేడని రాసున్న చదరం షెడ్డంతా తిరిగింది.
పలక పక్కనించే పోయింది, రెండుసార్లు.
ఒకసారి దాని నీడలో నిలబడి నెమరేసింది.
కొండ మీంచి ఎండ దిగి గడప దాటిందాకా
డబ్బా టక్కుమనలేదు.

వీడియో వెనక్కి తిప్పాను.
రెండూ నలభై ఒకటి.
రెండు మచ్చలు ఆనుకున్నాయి,
అరక్షణం ఒకటయ్యాయి,
విడిపోతూ అంకెలు మార్చుకున్నాయి.
ఆ తర్వాత
తొమ్మిదని పిలవబడ్డది గుంపులోంచి బయటికొచ్చింది,
జల్లు కొట్టే వైపుకి, పలక దాకా.
మూతితో నెట్టింది.

కెమెరాకి బ్యాటరీ ఉంది.
మేత డబ్బాకి లేదు.

మళ్లీ నెట్టింది.
ఎనిమిదిసార్లు.
ఆనక పోయి గుంపు అంచున పడుకుంది.

అంకెలు దిద్దాను.
ఆ ఎనిమిదీ ఏ గడిలో వేయాలో తెలియలేదు,
పట్టీలో మేత పడినవే లెక్క.

బయట మాలకొండయ్య
పార ఎక్కడుందని అడుగుతున్నాడు.